సద్ది రాయి

పుంగనూరులో బస్సెక్కి కూర్చుంటే చాలు, పక్క సీట్లో పాపమ్మ ఉంటుంది. కమలాక్షికి అది అలవాటైపోయింది. పాపమ్మది వాళ్ల వీధే. మదనపల్లెలో టమోటా మండీకి రోజూ పోతుంది. ఆ బుధవారం ఆమె సంచిలోంచి ఖాళీ నూనె క్యాను తీసి కమలాక్షి ఒళ్లో పెట్టింది.

"మీ మిల్లులో శనక్కాయ నూనె బాగుంటాదంట గదా పాపా. సాయంత్రం వచ్చేటప్పుడు దీన్నిండా పోయించుకోని రా."

"అత్తా, ఎన్నిసార్లు చెప్పాల? మాది మిల్లు కాదు, కాలేజీ."

"కాలేజీలో నూనెతో ఏం పని?"

మూడేళ్లుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి కమలాక్షి నోరు నొప్పి పుట్టింది. తప్పంతా వాళ్లమ్మ రెడ్డెమ్మది. "మా పాప అంగళ్ల కాలేజీలో నూనె లెక్కలు చూస్తాది" అని వీధంతా చాటింది. వేరుశనగ పండించే ఊళ్లో నూనె అంటే ఇంకేం గుర్తొస్తుంది? భూమిలో దొరికే నూనె, పెట్రోలు అయ్యే నూనె అని ఎంత చెప్పినా పాపమ్మ చెవికి ఎక్కదు.

"భూమిలో ఉంటే మన చేన్లో ఎందుకు లేదు?" అంది పాపమ్మ.

"మన కిందంతా గట్టి రాయి అత్తా. దాంట్లో నీళ్లే లేవు, నూనె యాడుంటాది?"

ఇది మాత్రం పాపమ్మకు వెంటనే అర్థమైంది. రెండేళ్లుగా కరువు. పోయిన నెలలో వేయించిన బోరులో దుమ్ము తప్ప ఏమీ పడలేదు. ఆమె నిట్టూర్చి కిటికీలోంచి బండరాళ్ల గుట్టలను చూస్తూ కూర్చుంది. క్యాను మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అంగళ్ల దగ్గర కాలేజీ ల్యాబులో కమలాక్షి చేసే పని నిజంగా నూనె లెక్కలే. తూర్పు తీరంలో ఒక కంపెనీకి నూనె వెతుక్కోవడానికి ఇచ్చిన బ్లాకు ఒకటి ఉంది. ఎప్పుడో అక్కడ ఒక బావి తవ్వి, లాభం లేదని మూసేశారు. ఆ బావి రాళ్లు, కొలతలు కాలేజీకి పంపి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. అడుగున ఉన్న నల్ల మట్టిరాయి ఉడికి నూనె అయిందా, లేక ఇంకా పచ్చిగానే ఉందా? అయిందంటే మళ్లీ తవ్వుతారు. పచ్చిదంటే బ్లాకును వదిలేస్తారు.

సముద్రంలో చచ్చిన సన్నని ప్రాణులు బురదలో కూరుకుపోతాయి. ఆ బురద మీద పొర మీద పొర పడి, కిందికి దిగి, వేడెక్కి, లక్షల ఏళ్లు ఉడికితే నూనె అవుతుంది. అది ఉడికే చోటును ఈ శాస్త్రం వాళ్లు వంటిల్లు అనే అంటారు. ఏ పొర ఎప్పుడు పడింది, ఎంత లోతుకు దిగింది, ఎంత వేడి తగిలింది, ఇదంతా కంప్యూటర్లో మొదటి నుంచీ మోడల్‌గా కట్టి చూపించడం కమలాక్షి ఉద్యోగం. జియాలజీలో ఎమ్మెస్సీ చేసి, వంటిల్లు తప్పించుకున్నానని సంబరపడి, చివరికి ఇక్కడ తేలింది.

ఆ ఉదయం ఆమె మైక్రోస్కోపు కింద బొగ్గు నలుసులు చూస్తూ ఉంది. బావిలోంచి వచ్చిన రాతి ముక్కలను దంచి, జిగురులో బిళ్లలాగా పోసి, అది గట్టిపడ్డాక తిరిగే చక్రం మీద నున్నగా రుద్దాలి. ముందు గరుకు పొడితో, తర్వాత సన్న పొడితో, ఆ తర్వాత ఇంకా సన్న పొడితో. ఒక్క గీత మిగిలినా మళ్లీ మొదలు. ఆ బిళ్లలో ఆవగింజలో వందో వంతు ఉండే బొగ్గు నలుసులు దొరుకుతాయి. ఎంత వేడి తగిలితే ఆ నలుసు అంతగా మెరుస్తుంది. ఒకసారి వచ్చిన మెరుపు చల్లారినా పోదు.

నలుసులు మెరుస్తున్నాయి. ఉడికిన రాయిలో మెరవాల్సినంతగా మెరుస్తున్నాయి.

ఆమె లేచి ప్రాజెక్టు హెడ్డు డాక్టర్ మధుసూదన్ గదికి పోయింది. ఆయన స్పైరల్ బైండింగు చేయించిన రిపోర్టు తిరగేస్తున్నాడు. అట్ట మీద ఒక్క ఆయన పేరే ఉంది. చివరి పేజీలో, కృతజ్ఞతల కింద, అటెండరు చెంగయ్య పేరు తర్వాత "టైపింగు సహకారం: కుమారి కమలాక్షి" అని ఉంది. మూడేళ్ల మోడల్ మొత్తం కట్టింది తన చేతులే. ఆ ముక్క చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది. కానీ అప్పటికి ఆ మంటను మింగింది, ఎందుకంటే దానికంటే పెద్ద తప్పు లోపలి పేజీల్లో ఉంది. రాయి పచ్చిది అని అక్కడ రాసి ఉంది.

"సార్, రాయి ఉడికింది. నలుసులు మెరుస్తాండాయి."

"మళ్లీ అదేనా? బావి అడుగున వేడి ఎంత? ఎనభై డిగ్రీలు. నూనె కావాలంటే నూరు దాటాల. మోడల్ కూడా అదే చెప్పింది. థర్మామీటరు అబద్ధం చెప్తాదా?"

"మరి బొగ్గు?"

"యాడి నుంచో కొట్టుకొచ్చిన పాత బొగ్గు అయ్యుంటాది. వేరే కొండల్లో ఎప్పుడో కాలిన నలుసులు ఏట్లో వచ్చి పడినాయి, అంతే."

"నల్లరాయి మీదుండే ఇసకరాయి ముక్కలు ఊదా దీపం కింద పెడితే నూనె ఉన్నట్టు వెలిగినాయి గదా సార్."

"డ్రిల్లింగు బురదలో డీజిల్ పోసినారు కమలాక్షీ. వెలగక ఏం చేస్తాది?" ఆయన గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచడు, ఎదుటివాళ్ల మాట అక్కడితో అయిపోయిందన్నట్టు కళ్లజోడు సర్దుకుంటాడు. "శనివారం చెన్నై నుంచి కంపెనీ పెద్ద జియాలజిస్టు మునస్వామిగారు వస్తారు. ఇంగ్లీషు తప్ప మాట్లాడడంట. రిపోర్టు చేతిలో పెట్టి పంపించేద్దాం. నువ్వు టిఫిన్లు సూసుకో."

ఆయన అడిగినవి తెలివితక్కువ ప్రశ్నలు కావు, అదే చిక్కు. రాయి ఉడికిందని కమలాక్షికి తెలుసు. చల్లగా ఉన్న రాయి ఉడికిందని ఎలా ఒప్పించాలో తెలియదు. శనివారం సంతకమైతే ఆ బ్లాకు జోలికి ఇంకెవరూ రారు. ఉడికిన రాయి పచ్చిదన్న పేరుతో శాశ్వతంగా ఉండిపోతుంది. సాయంత్రం బస్సులో ఖాళీ క్యాను కాళ్ల దగ్గర దొర్లుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున ఆమె వంటింటి గడప మీద కూర్చుని జడ వేసుకుంటూ ఉంది. రెడ్డెమ్మ రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసుకుతోంది. ఎర్రగడ్డ తరిగి పక్కన పెట్టుకుంది. ఇంతలో క్యాను సంగతి అడగడానికి పాపమ్మ వచ్చింది.

"రా పాపక్కా, సద్ది తాగిపో," అంది రెడ్డెమ్మ.

పాపమ్మ గిన్నెలో వేలు పెట్టి చూసి మొహం చిట్లించింది. "మంచినీళ్ల మాదిరి సల్లగా ఉండాదే. పొద్దున్నే కాస్త వేడిగా ఏమన్నా ఎయ్యగూడదా?"

"సల్లగుంటే ఏమైంది? ఉడకలేదా ఏంది? రాత్రి పొయ్యి మీద కుతకుత ఉడికిందే గదా. సల్లారినంత మాత్రాన మళ్లా పిండి అయితాదా?"

కమలాక్షి చేతిలో జడ సగంలో ఆగింది.

నేలలోకి ప్రకంపనలు పంపి తీసిన పొరల చిత్రం ఆమె కళ్ల ముందు కదిలింది. అందులో కింది పొరలన్నీ ఏటవాలుగా పైకి లేచి, ఒక గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతాయి. ఆ గీత మీద కొత్త పొరలు చదునుగా పడి ఉంటాయి. అంటే ఒకప్పుడు ఆ గీత పైన ఇంకా రాయి ఉండి ఉండాలి. నేల పైకి లేచి, వానలకూ గాలికీ ఆ రాయంతా అరిగి కొట్టుకుపోయింది. ఎంత పోయిందో కంపెనీ పంపిన చార్టులో సున్నా అని వేశారు. ఆ సున్నాను మోడల్లోకి ఎక్కించింది తన వేళ్లే. మీద ఉన్న రాయి పోకముందు నల్లరాయి చాలా లోతున, బాగా వేడిలో ఉండేది. పైకి లేచాక చల్లారింది. థర్మామీటరు అబద్ధం చెప్పలేదు. అది పొద్దున్నే వచ్చి సద్ది గిన్నెలో వేలు పెట్టింది, అంతే.

కమలాక్షి పగలబడి నవ్వింది. ఇద్దరు ఆడవాళ్లూ ఆమె వైపు అయోమయంగా చూశారు.

"ఏమైందే దీనికి?" అంది పాపమ్మ.

"ఏంలేదత్తా. నాకు కూడా ఒక గ్లాసు సద్ది పొయ్యమ్మా. నిండా పొయ్యి."

ల్యాబుకు రాగానే ఆమె చార్టులోని సున్నాను తీసేసింది. కానీ దాని బదులు ఏం వెయ్యాలి? బొగ్గు మెరుపుకు సరిపడే అంకె ఏదో ఒకటి వేస్తే, కావలసిన జవాబు కోసం లెక్క వంచినట్టు అవుతుంది. మధుసూదన్ మొదటి మాటే అది అంటాడు. పైగా పాత బొగ్గు అనే అనుమానం అలాగే ఉంటుంది. బొగ్గుతో సంబంధం లేని ఇంకో సాక్ష్యం కావాలి.

అది మట్టిరాళ్లలో దొరికింది. బురద పొర మీద ఎంత బరువు పడితే అంతగా నలుగుతుంది, బరువు తీసేసినా మళ్లీ ఉబ్బదు. కోత గీత కింది మట్టిరాళ్లు ఇప్పుడున్న లోతుకు ఉండాల్సిన దానికంటే ఎక్కువ నలిగి ఉన్నాయి. ఎంత ఎక్కువో పొర పొరకూ కూర్చుని లెక్క కట్టింది. గురువారమంతా దానికే పోయింది. కిలోమీటరుంపావు మందం రాయి పోయి ఉండాలని తేలింది. బొగ్గును ఇంకా ముట్టుకోలేదు.

శుక్రవారం ఆ అంకెను మోడల్లో వేసి నడిపించింది. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరిచి చచ్చింది. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి నడిపించింది. చెంగయ్య ఒకటికి రెండుసార్లు వచ్చి, "అన్నం తిన్లేదా పాపా?" అని అడిగి పోయాడు. మూడోసారి వచ్చినప్పుడు తలుపు మూసుకోకుండా ఎప్పుడూ అడ్డం పెట్టే గుండ్రాయిని కాలితో సర్ది, గోడ పక్కన కూర్చుని తనూ తెర వైపు చూడసాగాడు. తెర మీద పొరలు ఒక్కొక్కటే పడ్డాయి, దిగాయి, వేడెక్కాయి. ఆమె బొగ్గు నలుసుల కొలతలు తెచ్చి మోడల్ గీత మీద చుక్కలుగా పెట్టింది. ఒక్కొక్క చుక్కా పోయి గీత మీదే కూర్చుంది.

కమలాక్షి రెండు చేతులతో మొహం కప్పుకుంది. బొగ్గు ఒక దారిన వచ్చింది, మట్టిరాయి ఇంకో దారిన వచ్చింది. ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

మధుసూదన్ ఆ గీతను చాలాసేపు చూశాడు. తప్పు అని అనలేకపోయాడు. "రిపోర్టు బైండింగు అయిపోయింది," అన్నాడు చివరికి. "ఇప్పుడు మార్చినామంటే మూడేళ్లు ఏం చేసినారని అడుగుతారు. రేపు కాలేజీ పరువు సంగతి. నువ్వు మాట్లాడొద్దు కమలాక్షీ."

శనివారం సెమినార్ హాల్లో మునస్వామి నిటారుగా కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, వేళ్ల మధ్య మూత తీయని పెన్ను. ఇచ్చిన ఇడ్లీలు ముట్టుకోలేదు. మధుసూదన్ ఒక్కొక్క బొమ్మా వేసి చెప్తుంటే ఆయన ఇంగ్లీషులో పొడిపొడిగా ప్రశ్నలు వేశాడు. కమలాక్షి వెనక బల్ల దగ్గర ప్లేట్లు సర్దుతూ నిలబడింది. చివరి బొమ్మ పడింది: రాయి పచ్చిది, బ్లాకు వదిలేయవచ్చు.

"ఈ కోత దగ్గర ఎంత రాయి పోయిందని వేసుకున్నారు?" అని ఇంగ్లీషులోనే అడిగాడు మునస్వామి.

"మీ చార్టులో ఉన్నట్టే సార్. సున్నా."

"చార్టు మాదే. మీరు చూసుకున్నారా అని అడుగుతున్నాను."

మధుసూదన్ కళ్లజోడు సర్దుకున్నాడు. కమలాక్షి చేతిలోని ప్లేటు బల్ల మీద పెట్టింది.

"సున్నా కాదు సార్," అంది.

ఇద్దరూ తిరిగి చూశారు. రాత్రంతా మనసులో కూర్చుకున్న ఇంగ్లీషు వాక్యాలు ఆమె నోటికి ఒక్కటీ రాలేదు. వచ్చిన మాట వచ్చేసింది.

"అది పచ్చి రాయి కాదు సార్. సద్ది రాయి."

మధుసూదన్ కళ్లు మూసుకున్నాడు. మునస్వామి పెన్ను కింద పెట్టాడు.

"ఏమంటివి?" అన్నాడు, ఈసారి తెలుగులో.

"సద్ది సార్. ఎప్పుడో ఉడికిపోయింది. ఇప్పుడు సల్లారి ఉండాది. మనం సల్లగా ఉండాదని పచ్చిది అంటాండాము."

ఆయన మొహంలో ఏదో సడలింది. కుర్చీ మొత్తం ఆమె వైపు తిప్పుకున్నాడు. "మాది కుప్పం దగ్గర శాంతిపురం, అమ్మా. కాలేజీకి పొయ్యేదాకా పొద్దున సద్ది తప్ప ఇంకోటి ఎరగను. ఇట్ల ముందుకు రా. చెప్పు. ఎంత లోతులో ఉడికింది?"

ఆమె ముందుకు వచ్చింది. తన బొమ్మలు తనే వేసింది. చెప్పే కొద్దీ తడబాటు పోయింది. ఆయన వదిలిపెట్టే మనిషి కాదు.

"నీ బొగ్గు పాతదైతే?"

"అందుకే ముందు మట్టిరాయిని అడిగినాను సార్. బొగ్గును తర్వాత అడిగినాను. ఇద్దరూ ఒకటే చెప్పినారు."

"సరే, ఉడికింది. నూనె పోయి నిలిచేదానికి గిన్నె అప్పటికి ఉండాదా? ఉడికినాక గిన్నె తెస్తే అంతా నేలపాలే గదా."

"ఉండాది సార్. నూనెను పట్టి ఉంచే రాతి మడత ముందు పడింది. నూనె తర్వాత కదిలింది. ఈ బొమ్మ సూడండి."

ఆయన చూశాడు. వెనక్కి పోయి మళ్లీ చూశాడు. "లెక్కలో నాకు తప్పు కనపడలేదు. కానీ ఇదంతా కంప్యూటర్లో వంట. గిన్నెలో ఒక్క మెతుకు చూపిస్తావా?"

"ఇసకరాయిలో వెలుగు ఉంది సార్. డీజిల్ అని కొట్టేసినారు."

"డీజిల్ పోసిన మాట నిజమే. పొడి ముక్కలతో ఏమీ చెప్పలేం. లావు ముక్క ఉంటే పగలగొట్టి లోపల చూసేవాళ్లం. డీజిల్ అంత లోపలికి పోదు. ఆ ఇసకరాయి దిమ్మ ఒకటి మీకు పంపినట్టు గుర్తు."

దిమ్మ ఎక్కడుందో మధుసూదన్‌కు గుర్తు లేదు. కమలాక్షికీ గుర్తు లేదు. తలుపు దగ్గర నిలబడిన చెంగయ్య మాత్రం నెమ్మదిగా కిందికి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ల్యాబు తలుపుకు పెట్టినామే సార్, ఆ గుండ్రాయి కాదు గదా?"

అదే. మూడేళ్లుగా తలుపు ఆపుతున్న రాయి. చెంగయ్య తువ్వాలులో చుట్టి తెచ్చాడు. దుమ్మూ చెప్పుల మట్టీ పట్టి, ఒక పక్కన కంపెనీ రంగు గుర్తు సగం చెరిగి ఉంది. మధుసూదన్ మొహం మాడిపోయింది. మునస్వామి ఆ రాయిని చూసి, మధుసూదన్ని చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు.

"కంపెనీ సొత్తు సార్, పగలగొడితే..." అని నసిగాడు మధుసూదన్.

"కంపెనీ తరఫున వచ్చింది నేనే గదప్పా. కొట్టమ్మా."

కమలాక్షి సుత్తి తీసుకుంది. మొదటి దెబ్బకు దుమ్ము లేచింది. రెండో దెబ్బకు సన్న చీలిక కనిపించింది. మూడో దెబ్బకు దిమ్మ రెండుగా విడిపోయి, మండే ఎండలో పెట్రోలు బంకు పక్కన నిలబడితే వచ్చే వాసన కొద్దిగా వచ్చింది. చెంగయ్య కర్టెన్లు లాగాడు. ఊదా వెలుగిచ్చే దీపం కింద ఆమె విరిగిన ముఖాన్ని పైకి తిప్పి పట్టుకుంది.

అంచు చుట్టూ పల్చగా నీలం. అది డీజిల్. దాని లోపల, రాయి నడుమంతా, పగలగొట్టిన గుడ్డులో సొన లాగా బంగారు పసుపు.

ఆ పసుపు వెలుగు ఆమె వేళ్ల మీద పడుతోంది. చక్రం మీద బిళ్లలు రుద్ది రుద్ది గరుకెక్కిన వేళ్లు. కమలాక్షికి కళ్లు నిండాయి, నవ్వూ వచ్చింది. రెండింటినీ ఆపుకోవాలని ఆమె ప్రయత్నించలేదు.

"ఉడికింది," అన్నాడు మునస్వామి. "బాగా ఉడికింది. బ్లాకు వదిలేది లేదు. రెండో బావి యాడ తవ్వాలో మోడల్ చెప్పాల. ఎంత టైము కావాల అమ్మా నీకు?"

ఆ మాట ఆయన మధుసూదన్ని అడగలేదు.

కర్టెన్లు తీశారు. ఆయన చల్లారిన ఇడ్లీలను దగ్గరికి లాక్కుని, టీ ఉందా అని అడిగాడు. కమలాక్షి అలవాటుగా వెనక బల్ల వైపు తిరిగింది.

"నువ్వు కూర్చో," అన్నాడు మధుసూదన్. తనే పోయి ఫ్లాస్కు తెచ్చి, మునస్వామికి ఒక గ్లాసు, ఆమెకు ఒక గ్లాసు పోశాడు. తర్వాత బైండింగు రిపోర్టు తీసి చెంగయ్య చేతికిచ్చాడు. "దీన్ని తీసుకోనిపో. కొత్తది రాస్తాము. మోడల్ కమలాక్షిది, పేరు కూడా ఆమెదే ముందుండాల." ఆ మాట అనడానికి ఆయనకు కష్టమైంది. అయినా అన్నాడు. కమలాక్షి ఆయన వైపు చూసి తలూపి, వేడి టీ ఊదుకుంటూ తాగింది.

సాయంత్రం ఆమె మదనపల్లె బజారులో దిగి, పాపమ్మ క్యాను నిండా శనగనూనె పోయించుకుని పుంగనూరు బస్సెక్కింది. వీధి మలుపులోనే పాపమ్మ ఎదురొచ్చింది. క్యాను మూత తీసి వాసన చూసి, సంతోషంతో తల ఊపింది.

"సూస్తివా, అడిగితే ఇస్తారు. ఏమ్మే, మొగం అట్ల ఎలిగిపోతాండాదే? మిల్లులో ఇయ్యాల నూనె బాగా పడిందా?"

"బాగా పడింది అత్తా."

"ఏం గింజ?"

"తలుపుకు అడ్డం పెట్టే రాయి."

పాపమ్మ ఒక క్షణం చూసి, ఎకసెక్కమాడుతున్నావా అని వీపు మీద చరిచి పోయింది. ఇంట్లో రెడ్డెమ్మ పొయ్యి మీంచి సంగటి దించి తెడ్డుతో గెలుకుతోంది. ఆవిరి ఇల్లంతా కమ్ముకుంది. కమలాక్షి చెప్పులు విడిచి గడప మీద కూలబడింది.

"కాళ్లు కడుక్కోని రా పాపా, వేడి మీద తిందువు."

"తింటాను గానీ అమ్మా, ఒక పెద్ద ముద్ద రేపటికి ఎత్తిపెట్టు. పొద్దున నాకు సద్దే కావాల."